మిడిల్‌వెయిట్ బాక్సింగులో ప్రత్యర్థుల ఎంపిక, రీమ్యాచ్ హక్కు గురించి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. ఇటీవల మీ క్రీడా పేజీలో మిడిల్‌వెయిట్ బాక్సింగ్ గురించి వచ్చిన వ్యాసంలో, ఛాంపియన్ కానెలో అల్వారెజ్ తన ప్రధాన ప్రత్యర్థి గెన్నాడీ గొలోవ్కిన్‌తో చాలాకాలం తలపడకపోవడానికి కారణాన్ని ‘భయపడి తప్పించుకు తిరిగాడు’ అన్న ఒక్క మాటతో తేల్చివేశారు. పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు ఆ మాట కష్టం కలిగించింది. తిరుపతిలో తారకరామ స్టేడియానికీ, చిత్తూరులో మెసానికల్ మైదానానికీ సాధనకు వచ్చే యువకులు ఈ పోరులను ఫోన్లలో చూసి, పత్రికలో చదివిన మాటనే తమ అభిప్రాయంగా చెబుతుంటారు. ప్రొఫెషనల్ బాక్సింగులో ఎవరు ఎవరితో తలపడాలన్నదీ, ఓడినవాడికి అదే ప్రత్యర్థితో రెండో అవకాశం (రీమ్యాచ్) ఇవ్వాలా వద్దా అన్నదీ చాలావరకు బేరసారాల బలం మీద తేలే విషయాలు. ఆ బేరాన్ని పాఠకుల ముందు ఉంచకుండా ఆటగాడి గుణం గురించి తీర్పు చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. కొంత విపులంగా రాస్తున్నందుకు మన్నించి, వీలైతే పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా మన దేశంలో అందరికీ తెలిసిన వ్యవస్థను చూద్దాం. ఒలింపిక్స్‌లో గానీ, ఆసియా క్రీడల్లో గానీ ప్రత్యర్థిని ఎంచుకునే వీలు ఎవరికీ ఉండదు. డ్రా తీస్తారు, అందులో ఎవరి పేరు ఎదురుగా వస్తే వారితో తలపడవలసిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 75 కిలోల మిడిల్‌వెయిట్ విభాగంలో కాంస్యం గెలిచి, భారత బాక్సింగుకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన విజేందర్ సింగ్, 2009లో మిలాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో ఉజ్బెకిస్థాన్ బాక్సర్ అబ్బోస్ అతోయెవ్ చేతిలో ఓడాడు. మరుసటి ఏడాది గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో అదే అతోయెవ్‌ను 7-0 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ అతోయెవే ఎదురయ్యాడు, ఈసారి గెలుపు అతనిది. మహిళల 75 కిలోల విభాగంలో లవ్లీనా బొర్గొహెయిన్, చైనాకు చెందిన లీ చియాన్‌ల మధ్య కూడా ఇలాగే జరిగింది. 2023 ఢిల్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో లవ్లీనా గెలిచింది, అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లోనూ, 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లోనూ లీ చియాన్ గెలిచింది. ఈ పోరుల్లో ఏ ఒక్కదానికీ ఎవరూ సంతకాలు చేయలేదు, ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. ఓడిన బాక్సర్‌కు మరో అవకాశం టోర్నమెంటు ద్వారానే వచ్చింది.

ప్రొఫెషనల్ బాక్సింగులో అటువంటి డ్రా లేదు. అక్కడ ఒక పోరు కుదరాలంటే, పెళ్ళి సంబంధం మాట్లాడుకున్నట్టు, ఇరుపక్షాల పెద్దలు కూర్చొని కట్నకానుకల దగ్గరనుంచి ముహూర్తం దాకా ఒక్కొక్కటే తేల్చుకోవాలి: ఇద్దరి ప్రమోటర్లు (పోరులను ఏర్పాటు చేసే వ్యాపారులు), ఇద్దరి మేనేజర్లు, ప్రసార హక్కులు కొన్న టీవీ సంస్థ, వీరితోపాటు టైటిల్‌కు గుర్తింపు ఇచ్చే సంస్థలు. ఈ గుర్తింపు సంస్థలు నాలుగు ఉన్నాయి: డబ్ల్యుబిఎ, డబ్ల్యుబిసి, ఐబిఎఫ్, డబ్ల్యుబిఓ. మిడిల్‌వెయిట్ అంటే 160 పౌండ్లు, అంటే సుమారు 72.5 కిలోల పరిమితి. ఆ ఒక్క బరువులోనే నాలుగు సంస్థలకు నలుగురు ఛాంపియన్లు ఉండే అవకాశం ఉంది. ఒక్కొక్క సంస్థ తన ర్యాంకింగులను తానే తయారు చేసుకుంటుంది, తన టైటిల్ కోసం జరిగే ప్రతి పోరులోనూ బాక్సర్ల పారితోషికం నుంచి కొంత శాతం రుసుముగా తీసుకుంటుంది, నిర్ణీత గడువులోగా ఛాంపియన్ ఫలానా ‘మాండేటరీ ఛాలెంజర్’తో (తప్పనిసరి ప్రత్యర్థితో) తలపడాలని ఆదేశిస్తుంది. గడువు మధ్యలో ఆడే పోరులకు మాత్రం ఛాంపియన్ ఆ సంస్థ ర్యాంకింగుల్లోంచి తనకు నచ్చినవాడిని ఎంచుకోవచ్చు. మాండేటరీ పోరుకు ఇరుపక్షాల మధ్య ధర కుదరకపోతే దాన్ని వేలానికి పెడతారు. ఎక్కువ పాడిన ప్రమోటర్‌కు ఆ పోరును నిర్వహించే హక్కు దక్కుతుంది. ఇక మాండేటరీ స్థానంలో ఉన్నవాడికి డబ్బిచ్చి కొంతకాలం పక్కన ఉండమని చెప్పడం కూడా ఈ వ్యాపారంలో మామూలే. 2015 నవంబరులో డబ్ల్యుబిసి ఛాంపియన్ మిగెల్ కాటో, సాల్ ‘కానెలో’ అల్వారెజ్ తలపడినప్పుడు, డబ్ల్యుబిసి టైటిల్‌కు తర్వాతి హక్కుదారుగా ఉన్న గెన్నాడీ గొలోవ్కిన్ పక్కకు తప్పుకోవడానికి ఇలాగే సొమ్ము కుదిర్చారు. డబ్ల్యుబిసి అడిగిన 3 లక్షల డాలర్ల రుసుమును కాటో చెల్లించనన్నందుకు, ఆ పోరు జరగడానికి ముందే అతని టైటిల్‌ను ఆ సంస్థ తీసివేసింది. ఒక్క దెబ్బ కూడా తినకుండా ఛాంపియన్ తన బెల్టును పోగొట్టుకున్న సందర్భం అది.

మీ వ్యాసంలో ప్రస్తావించిన గొలోవ్కిన్, కానెలోల వ్యవహారాన్ని ఈ నేపథ్యంలో మొదటినుంచీ చూస్తే ‘భయం’ అన్న మాట ఎంత చిన్నదో తెలుస్తుంది. కజకిస్థాన్‌కు చెందిన గొలోవ్కిన్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచి ప్రొఫెషనల్‌గా మారినవాడు, వరుస నాకౌట్లతో పేరు తెచ్చుకున్నవాడు. అంతటి ప్రమాదకరమైన ప్రత్యర్థి మీద గెలిచినా వచ్చే సొమ్ము తక్కువ, ఓడితే పోయేది ఎక్కువ కాబట్టి, పెద్ద పేరున్నవారు అతనికి చాలా ఏళ్ళపాటు దూరంగా ఉన్నారు. కానెలో మెక్సికోలో అపారమైన అభిమానం ఉన్నవాడు, టికెట్లు అతని పేరు మీదే అమ్ముడవుతాయి. కాటో మీద గెలిచి డబ్ల్యుబిసి టైటిల్ పొందిన తర్వాత, 2016 మే నెలలో కానెలో అమీర్ ఖాన్‌ను ఎంచుకున్నాడు. ఖాన్ అంతకుముందు 147 పౌండ్ల విభాగంలో ఆడుతున్న బాక్సర్. ఆ పోరును 155 పౌండ్ల పరిమితికి కుదిర్చారు. కానెలో నాకౌట్‌తో గెలిచాడు. గొలోవ్కిన్‌తో ఒప్పందం కుదుర్చుకోవాలని డబ్ల్యుబిసి గడువు పెట్టడంతో, ఒత్తిడి కింద చర్చలు జరపనంటూ ఆ టైటిల్‌నే వదులుకున్నాడు. ఆ తర్వాతి పోరును 154 పౌండ్ల విభాగంలో లియామ్ స్మిత్‌తో ఆడాడు.

ఇంతవరకు చదివినవారు కానెలోను పిరికివాడనవచ్చు. కానీ ఆ సమయంలో గొలోవ్కిన్ ఎవరితో ఆడాడో కూడా చూడాలి. 2016 సెప్టెంబరులో అతను లండన్ వెళ్ళి తలపడిన కెల్ బ్రూక్, 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్ నుంచి రెండు విభాగాలు దాటి పైకి వచ్చినవాడు. కంటి ఎముక విరిగిన బ్రూక్‌ను కాపాడడానికి ఐదో రౌండులో అతని మూలనుంచి, ఓటమి ఒప్పుకున్న గుర్తుగా, తువాలు విసిరారు. అంటే చిన్న శరీరం గల పేరున్న ప్రత్యర్థిని ఎంచుకోవడం ఒక్క కానెలో చేసిన పని కాదు. తన స్థాయికి సమానమైనవాడు దొరకనప్పుడు గొలోవ్కిన్ కూడా పేరు కోసం, సొమ్ము కోసం బరువు తక్కువ ఉన్నవాడితో ఆడాడు. 2017 మార్చిలో మాత్రం డేనియల్ జేకబ్స్ వంటి నిజమైన మిడిల్‌వెయిట్‌తో తలపడి, పన్నెండు రౌండ్లూ పోరాడి పాయింట్ల మీద కష్టపడి గెలిచాడు. అప్పటిదాకా సాగిన అతని వరుస నాకౌట్లు ఆ పోరుతో ఆగాయి. ఆ వెంటనే కానెలో వర్గం గొలోవ్కిన్‌తో పోరుకు ఒప్పుకున్నదంటే, అతను ఇక అజేయుడు కాడన్న లెక్క వారి మనసులో ఉండే ఉంటుందని నా అనుమానం. ఆ పోరు నాటికి గొలోవ్కిన్ వయసు 35, కానెలోకు 27. ప్రత్యర్థి వయసు పెరిగేదాకా ఆగడం కూడా ఎంపికలో ఒక భాగమే, అది ఏ ఒప్పంద పత్రంలోనూ కనిపించదు.

2017 సెప్టెంబరు 16న లాస్ వేగాస్‌లో జరిగిన తొలి పోరు డ్రాగా ముగిసింది. ఒక జడ్జి గొలోవ్కిన్‌కు 115-113, మరొకరు ఇద్దరికీ సమానంగా 114-114 వేయగా, మూడో జడ్జి అడలేడ్ బర్డ్ కానెలోకు 118-110 వేశారు. గొలోవ్కిన్ గెలిచాడని అనుకున్న ప్రేక్షకులు ఎందరో ఉన్నారు; పోరు హోరాహోరీగా సాగిందని ఒప్పుకున్నవారికి కూడా ఆ మూడో కార్డు (జడ్జి వేసిన పాయింట్ల పట్టిక) అంగీకారయోగ్యం కాలేదు. ఇటువంటి ఫలితం తర్వాత రీమ్యాచ్ న్యాయంగా జరగవలసిందే, 2018 మే 5వ తేదీకి దాన్ని నిర్ణయించారు కూడా. ఈలోగా కానెలో పరీక్షల్లో నిషిద్ధ పదార్థమైన క్లెన్‌బ్యూటెరాల్ బయటపడింది. కలుషితమైన మాంసం వల్ల వచ్చిందని అతని వర్గం వివరణ ఇచ్చింది. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు క్రీడా కమిషన్ అతనిపై ఆరు నెలల నిషేధం విధించింది. అదే తేదీకి గొలోవ్కిన్, దాదాపు రెండేళ్ళుగా రింగుకు దూరంగా ఉన్న వానెస్ మార్టిరోస్యాన్‌తో ఆడి రెండో రౌండులోనే ముగించాడు. ఆ గెలుపుతో మిడిల్‌వెయిట్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్ పేరిట ఉన్న 20 టైటిల్ రక్షణల రికార్డును సమం చేశాడు. కానీ మాండేటరీగా ఉన్న సెర్గీ దెరెవ్యాన్చెంకోను కాదని కానెలోతో రీమ్యాచ్‌కు వెళ్ళినందుకు ఐబిఎఫ్ జూన్‌లో అతని టైటిల్ తీసివేసింది. పెద్ద పోరు కోసం ఒక బెల్టును పోగొట్టుకోవడానికి సిద్ధపడిన గొలోవ్కిన్‌నూ, రెండేళ్ళ కిందట ఇంకో బెల్టును వదిలేసిన కానెలోనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరిది ధైర్యమనీ మరొకరిది పిరికితనమనీ అనడానికి ముందు ఎవరికైనా కొంత తడబాటు కలుగుతుంది.

2018 సెప్టెంబరులో జరిగిన రీమ్యాచ్‌లో కానెలో 115-113, 115-113, 114-114తో గెలిచాడు. ఆ పోరు మొదటిదానికంటే దగ్గరగా సాగింది, నా దృష్టిలో ఆ తీర్పులో అన్యాయం లేదు. అన్యాయం ఆ తర్వాతి నాలుగేళ్ళలో ఉంది. కానెలో ఒక స్ట్రీమింగ్ సంస్థతో 11 పోరులకు 36 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, ఆ సంస్థ గొలోవ్కిన్‌ను కూడా తీసుకుంది, మూడో పోరు జరగాలని అందరికంటే ఎక్కువగా ఆ సంస్థే కోరుకుంది. అయినా ప్రత్యర్థి పేరు మీద తుది మాట కానెలోది కావడంతో ఆ పోరు వాయిదా పడుతూ పోయి, చివరికి 2022 సెప్టెంబరులో, మిడిల్‌వెయిట్‌లో కాకుండా కానెలోకు అనువైన 168 పౌండ్లలో, గొలోవ్కిన్‌కు 40 ఏళ్ళు నిండిన తర్వాత జరిగింది. అప్పటికి ఆ పోరులో తేలవలసినది పెద్దగా ఏమీ మిగలలేదు. ఇంకొక సంగతి: అదే ఏడాది మేలో కానెలో తానే ఇంకా పై బరువైన లైట్ హెవీవెయిట్‌లో దిమిత్రీ బివోల్ చేతిలో ఓడాడు, ఒప్పందంలో అతనికి తక్షణ రీమ్యాచ్ హక్కు ఉన్నా వాడుకోలేదు. రీమ్యాచ్ నిబంధన పెద్ద పేరు ఉన్నవాడికి ఒక తలుపు మాత్రమే. లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది కూడా అతని ఇష్టమే. ఎదుటివాడు గెలిచి కూడా ఆ తలుపు తెరుచుకునేదాకా బయట వేచి ఉండాలి.

ఈ పరిస్థితి నేటిది మాత్రమే అనుకుంటే పొరపాటు. మార్విన్ హాగ్లర్‌కు తొలి టైటిల్ అవకాశం 1979లో వచ్చింది; వీటో ఆంట్వోఫెర్మోతో పోరును జడ్జీలు డ్రాగా ప్రకటించడంతో బెల్టు ఆంట్వోఫెర్మో దగ్గరే ఉండిపోయింది. హాగ్లర్ 1980 సెప్టెంబరులో లండన్ వెళ్ళి అలాన్ మింటర్‌ను మూడో రౌండులో ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ఆ మరుసటి ఏడాది, తన చేతిలో ఎంపిక హక్కు ఉన్నప్పుడు, అదే ఆంట్వోఫెర్మోకు అవకాశం ఇచ్చి అతన్ని ఓడించాడు. అంతకుముందే తనను ఓడించిన విల్లీ మన్రోనూ, బాబీ వాట్స్‌నూ కూడా వెతికి మరీ మళ్ళీ ఎదుర్కొన్నాడు. ఆటలో బాకీ ఉంచుకోని మనిషిగా హాగ్లర్ అంటే నాకున్న గౌరవం ఇందుకే. అటువంటివాడికి 1987 ఏప్రిల్ 6న జరిగినది చూడండి. దాదాపు మూడేళ్ళుగా రింగుకు దూరంగా ఉన్న షుగర్ రే లెనార్డ్ తిరిగి వచ్చి హాగ్లర్‌తో తలపడ్డాడు. హాగ్లర్‌కు 1 కోటి 20 లక్షల డాలర్లు, లెనార్డ్‌కు 1 కోటి 10 లక్షల డాలర్లు కుదిరాయి. ఎక్కువ సొమ్ముకు బదులుగా హాగ్లర్ వర్గం మూడు విషయాల్లో దిగివచ్చింది: 15 రౌండ్లకు బదులు 12, కాస్త పెద్ద రింగు, బరువైన 10 ఔన్సుల గ్లోవులు. కాళ్ళ మీద తేలుతూ ఆడే లెనార్డ్‌కు ఈ మూడూ అనుకూలించాయి. లెనార్డ్ స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మొగ్గుతో, గెలిచాడు. ఒక జడ్జి హాగ్లర్‌కు 115-113, మరొకరు లెనార్డ్‌కు 115-113, మూడోవారు లెనార్డ్‌కు 118-110 వేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కానెలో, గొలోవ్కిన్‌ల మొదటి పోరులో వివాదానికి కారణమైన కార్డు మీద ఉన్నవి కూడా ఇవే అంకెలు. అంతేకాదు, రెండు పోరులకూ కూర్చున్న జడ్జీల్లో డేవ్ మొరెట్టి ఉన్నారు. రెండుసార్లూ ఆయన కార్డు 115-113.

హాగ్లర్ రీమ్యాచ్ అడిగాడు. లెనార్డ్ ఇవ్వలేదు. ఇవ్వవలసిన నిబంధన ఒప్పందంలో లేదు. మరుసటి ఏడాది హాగ్లర్ ఆటనుంచి తప్పుకొని ఇటలీ వెళ్ళిపోయాడు, మళ్ళీ రింగులోకి రాలేదు. రౌండ్ల సంఖ్యనూ గ్లోవుల బరువునూ డబ్బుకు మార్చుకున్న రోజున, రెండో పోరు హక్కును కూడా రాయించుకొని ఉంటే చరిత్ర ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ బాధ్యత హాగ్లర్‌కంటే అతని తరఫున సంతకాలు చేయించినవారిదని నా నమ్మకం.

అంతకుముందు తరంలో లెక్క వేరుగా ఉండేది. షుగర్ రే రాబిన్సన్, జేక్ లమోటా 1942 నుంచి 1951 వరకు ఆరుసార్లు తలపడ్డారు. 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో లమోటా రాబిన్సన్‌కు తొలి ఓటమి రుచి చూపిస్తే, అదే నెల 26న అదే ఊళ్ళో రాబిన్సన్ బదులు తీర్చుకున్నాడు. మూడు వారాల్లో రీమ్యాచ్ అంటే ఈనాటి ప్రమోటర్లు నమ్మరు. అప్పటి బాక్సర్లు ఏడాదికి పదికి పైగా పోరులు ఆడేవారు, ఒక ఓటమి వల్ల మార్కెట్ పడిపోయేది కాదు. ఇప్పుడు ఏడాదికి రెండు పోరులు ఆడే ఛాంపియన్‌కు రికార్డులో ఓటమి కింద సున్నా ఉండడమే ప్రధాన పెట్టుబడి. ఆ సున్నాను కాపాడడానికే ప్రత్యర్థిని ఎంచుకునే పని ఒక ప్రత్యేక విద్యగా మారింది. అయితే పాత కాలంలో ఒప్పందాలు లేవని కాదు. 1951 జులై 10న లండన్‌లో ర్యాండీ టర్పిన్ చేతిలో రాబిన్సన్ టైటిల్ కోల్పోయినప్పుడు, ముందే రాసుకున్న రీమ్యాచ్ నిబంధన ప్రకారం 64 రోజులకే న్యూయార్క్‌లో 60 వేలకు పైగా ప్రేక్షకుల ముందు రెండో పోరు జరిగింది. కంటి దగ్గర గాయంతో నెత్తురు కారుతుండగా రాబిన్సన్ పదో రౌండులో గెలిచాడు. టర్పిన్ ఛాంపియన్‌గా ఉన్నది ఆ 64 రోజులే. ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ సెర్డాన్‌కు ఆ భాగ్యం కూడా దక్కలేదు: 1949 జూన్‌లో భుజం గాయంతో లమోటాకు టైటిల్ కోల్పోయి, రీమ్యాచ్ కుదిరాక, అక్టోబరులో అమెరికాకు వస్తుండగా విమాన ప్రమాదంలో మరణించాడు.

రీమ్యాచ్ ఎప్పుడూ మంచిదేననే అభిప్రాయం కూడా నాకు లేదు. 1991 జూన్‌లో క్రిస్ యూబ్యాంక్, మైఖేల్ వాట్సన్‌ల మధ్య జరిగిన మిడిల్‌వెయిట్ పోరులో వివాదాస్పదమైన తీర్పుతో వాట్సన్ ఓడాడు. మూడు నెలలకే, సెప్టెంబరు 21న, లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానంలో, 168 పౌండ్ల విభాగంలో రెండో పోరు పెట్టారు. పదకొండో రౌండులో యూబ్యాంక్‌ను నేలకూల్చిన వాట్సన్, అదే రౌండు చివర దెబ్బ తిని పడి, పన్నెండో రౌండులో పోరు ఆపేసిన తర్వాత స్పృహ కోల్పోయాడు. తగిన వైద్యసాయం అందడంలో ఆలస్యం జరిగింది, మెదడుకు తీవ్రమైన గాయమైంది, ఆ దేశపు బాక్సింగ్ నియంత్రణ సంస్థ బాధ్యత వహించవలసిందేనని తర్వాత కోర్టు తేల్చింది. 2003లో వాట్సన్ లండన్ మారథాన్‌ను ఆరు రోజుల పాటు నడిచి పూర్తి చేశాడు. అంతటి భీకరమైన పోరుకు ముందు ఇద్దరి శరీరాలకూ ఎంత విశ్రాంతి దొరికిందన్న ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ పాత మైదానం స్థానంలోనే కట్టిన కొత్త స్టేడియంలో 2025 ఏప్రిల్ 26న యూబ్యాంక్ కుమారుడు క్రిస్ యూబ్యాంక్ జూనియర్, తన తండ్రికి ఒకప్పటి ప్రత్యర్థి నైజెల్ బెన్ కుమారుడు కానర్ బెన్‌తో తలపడ్డాడు. బెన్ వెల్టర్‌వెయిట్ నుంచి పైకి వచ్చినవాడు కావడంతో, యూబ్యాంక్ జూనియర్ 160 పౌండ్లకు దిగిరావడమే కాక, పోరు రోజు ఉదయం కూడా 170 పౌండ్లు దాటకూడదన్న నిబంధన పెట్టారు. తూకంలో 0.05 పౌండ్లు ఎక్కువ వచ్చినందుకు యూబ్యాంక్ జూనియర్ భారీ జరిమానా కట్టవలసి వచ్చింది. ఆ పోరులో అతనే గెలిచాడు, ముందే కుదిరిన హక్కు ప్రకారం నవంబరు 15న జరిగిన రీమ్యాచ్‌లో బెన్ స్పష్టంగా గెలిచాడు. ఈ రెండు ఫలితాలనూ చదివే పాఠకుడికి బరువు నిబంధన గురించి చెప్పకపోతే, ఏప్రిల్‌లో గెలిచినవాడు నవంబరులో అంతగా ఎందుకు నీరసపడ్డాడన్న ప్రశ్నకు జవాబులో సగం దొరకదు. ఒంట్లోంచి నీటిని పిండి తూకానికి ఎక్కడం, ఆపైన మర్నాటికి కూడా తిండికీ నీటికీ హద్దు పెట్టడం, తలకు దెబ్బలు తగిలే ఆటలో ప్రాణాంతకమని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పెద్ద శరీరం గల ప్రత్యర్థిని ఒప్పందం ద్వారా చిన్నవాడిని చేసి ఆడించడం, నా దృష్టిలో, నచ్చినవాడిని ఎంచుకోవడంకంటే ఎక్కువ తప్పు.

న్యాయంగా జరిగిన రీమ్యాచ్‌కు కూడా ఒక ఉదాహరణ చెప్పాలి. 2009 డిసెంబరులో పాల్ విలియమ్స్, సెర్హియో మార్టినెజ్‌ల పోరు ఎంతో హోరాహోరీగా సాగితే, ఒక జడ్జి మాత్రం విలియమ్స్‌కు 119-110 వేశారు. మార్టినెజ్ ఓడినట్టు ప్రకటించారు. కొద్ది నెలలకే కెల్లీ పావ్లిక్‌ను ఓడించి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయిన మార్టినెజ్, 2010 నవంబరులో విలియమ్స్‌ను పిలిచి, రెండో రౌండులో ఒకే దెబ్బతో పోరు ముగించాడు. ఏడాదిలోపు, ఇద్దరూ మంచి స్థితిలో ఉండగా, వివాదం ఉన్న ఫలితం తేలింది. ఇంతకంటే కోరుకోవలసింది ఏముంది?

ఇదంతా దూరదేశాల సంగతిగా మన యువకులు అనుకోవడం లేదు. విజేందర్ 2015లో ప్రొఫెషనల్‌గా మారిన తర్వాత వరుసగా 12 పోరులు గెలిచి, 2021 మార్చిలో గోవాలో ఒక ఓడపై జరిగిన పోరులో రష్యాకు చెందిన ఆర్టిష్ లోప్సాన్ చేతిలో ఐదో రౌండులో ఓడాడు. అతోయెవ్‌తో మూడుసార్లు తలపడే అవకాశం వచ్చిన ఆ మనిషికి లోప్సాన్‌తో రెండోసారి తలపడే అవకాశం రాలేదు; 2022లో రాయపూర్‌లో మరొక ప్రత్యర్థితో ఆడి గెలిచాడు. రెండు వ్యవస్థల మధ్య తేడా ఒకే ఆటగాడి జీవితంలో ఇలా కనిపిస్తుంది.

తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్. ఆమెది 51 కిలోల విభాగం, ఈ ఉత్తరం మిడిల్‌వెయిట్ గురించి, అయినా ఇక్కడ ఆమె పేరు చెప్పకుండా ఉండలేను. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండా పంపాలన్న ఆలోచన సాగుతున్నప్పుడు, తనకు న్యాయమైన ట్రయల్ కావాలని నిఖత్ క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ఎందరో ఆమెను తప్పుపట్టారు. డిసెంబరులో ట్రయల్ జరిగింది, నిఖత్ 1-9 తేడాతో ఓడింది. కానీ ఆమె అడిగిన సూత్రం నిలిచింది: ఎవరు ఎంత గొప్పవారైనా ప్రత్యర్థిని రింగులో ఎదుర్కొనే అర్హత పొందవలసిందే. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. ప్రొఫెషనల్ బాక్సింగులో గొలోవ్కిన్ అయినా హాగ్లర్ అయినా అలా లేఖ రాసి అడగడానికి ఒక మంత్రి లేడు, వినవలసిన సమాఖ్య లేదు. నాలుగు సంస్థలు ఉన్నాయి, నాలుగింటికీ పోరు జరిగితే వచ్చే రుసుము మీదే దృష్టి.

అందుచేత మీ క్రీడా విభాగానికి నా విన్నపం ఇది. ప్రొఫెషనల్ బాక్సింగ్ పోరు గురించి వార్త వేసేటప్పుడు ఫలితంతోపాటు ఏ బరువుకు ఒప్పందం కుదిరిందో, అది ఆ విభాగపు అసలు పరిమితో మధ్యలో కుదిర్చిన పరిమితో చెప్పండి. ప్రత్యర్థి మాండేటరీగా వచ్చినవాడా, ఛాంపియన్ ఎంచుకున్నవాడా అన్నది ఒక వాక్యంలో రాయండి. పాయింట్ల మీద తేలిన పోరైతే ముగ్గురు జడ్జీల పేర్లూ, వారి కార్డులూ పూర్తిగా ప్రచురించండి. ‘స్ప్లిట్ డెసిషన్‌తో గెలుపు’ అన్న మాటలోంచి 115-113కీ 118-110కీ ఉన్న తేడా పాఠకుడికి తెలియదు. రీమ్యాచ్ నిబంధన బయటికి ప్రకటించినదైతే, అది ఇద్దరికీ వర్తిస్తుందో ఒక్కరికే వర్తిస్తుందో తెలపండి. ఈ వివరాలన్నీ వార్తా సంస్థల కథనాల్లో దొరికేవే, నాలుగైదు పంక్తులకు మించి స్థలం పట్టదు.

అలాగే, వీలైతే, ప్రొఫెషనల్‌గా మారాలనుకునే మన రాష్ట్ర బాక్సర్లు మేనేజర్‌తో, ప్రమోటర్‌తో ఒప్పందం రాసుకునే ముందు ఏయే విషయాలు చూసుకోవాలో ఒక న్యాయవాది చేత వ్యాసం రాయించి ప్రచురించగలరని ఆశిస్తున్నాను. పోరుల సంఖ్య, ఒప్పందం గడువు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదన్న సంగతి, బరువు మార్చుకోమని అడిగే హక్కు ఎవరిదన్న సంగతి, ఓడితే ఒప్పందం ఏమవుతుందన్న సంగతి అందులో ఉంటే చాలు. ఆ పేజీని కత్తిరించి ఇక్కడి వ్యాయామ ఉపాధ్యాయులకూ శిక్షకులకూ పంచే పని నేను చూసుకుంటాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.